వేడికి తెరుచుకునే కిటికీ: మైనమా, నిటినాలా?

గుంటూరు పక్క నారు షెడ్డులో కరెంటు లేకుండా కిటికీ దానంతటదే తెరుచుకోవాలంటే రెండు దారులు. మైనపు సిలిండర్‌లో మైనం కరిగి 10–15 శాతం ఉబ్బి పిస్టన్‌ని తోస్తుంది. కారు ఇంజన్ థర్మోస్టాట్‌లో ఉండేదీ ఇదే. నిటినాల్ అంటే నికెల్, టైటానియం దాదాపు సగం సగం కలిసిన లోహం. దాంతో చేసి సాగదీసిన స్ప్రింగ్ వేడెక్కగానే పాత ఆకారానికి ముడుచుకుంటుంది.

చిక్కంతా చల్లారేటప్పుడే. మామూలు నిటినాల్‌కి తెరిచే వేడికీ మూసే వేడికీ 20–30 డిగ్రీల తేడా. 45 దగ్గర తెరిచింది 20 దరిదాపులకు దిగితే గానీ మూయదు. మన మే నెల రాత్రుల్లో అంత చలి ఎక్కడిది? పైగా వెనక్కి లాగడానికి విడిగా స్టీలు స్ప్రింగ్ కావాలి. మైనానికి ఆ తేడా కొద్ది డిగ్రీలే. కాకపోతే మందకొడి, పావుగంటైనా పడుతుంది. మిట్టమధ్యాహ్నం గడియ వేసి ఉంచారో, పిస్టన్‌కి చోటు లేక సీలు లీకవుతుంది, లేదా కిటికీని తోసే కడ్డీ వంగుతుంది.

కాబట్టి కిటికీకి మైనమే. నిటినాల్‌ని కరెంటు ఉన్నచోట చిన్న గొళ్లెం లాగడానికి వాడండి: 0.25 మి.మీ. తీగకి సుమారు 1 ఆంపియర్ ఇస్తే సెకనులో 10 సెం.మీ.కి 4 మి.మీ. ముడుచుకుంటుంది. కరెంటు అలాగే వదిలేస్తే మాత్రం తీగ మాడి, ఆ ఆకారం మరిచిపోతుంది.