శ్రీకాళహస్తిలో గుడి చూశాక ఇంకో పూట ఆగండి

శ్రీకాళహస్తి వెళ్లేవాళ్లలో చాలామంది రాహుకేతు పూజ చేయించుకుని అటునుంచి అటే బస్సెక్కేస్తారు. ఇంకో పూట ఉండి, కలంకారీ, అంటే వెదురు కలంతో గుడ్డ మీద బొమ్మలు వేసేవాళ్ల ఇళ్లు చూసి రమ్మని నేను గట్టిగా చెబుతాను. మదనపల్లెలో బ్లౌజులు కుట్టే దాన్ని కాబట్టి ఈ ఊరంటే నాకు అభిమానం ఎక్కువే.

బస తిరుపతిలోనే పెట్టుకోండి. రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, బస్టాండ్ ఎదురుగా శ్రీనివాసం, రెండూ టీటీడీవి. ముందుగా ఆన్‌లైన్‌లో గది దొరికితే ఇంకేమీ వెతకక్కర్లేదు. మాకు దొరక్క ఒక లాడ్జిలో దిగాం. ఏసీకి డబ్బు కట్టించుకున్నారు గానీ రాత్రంతా అది పని చెయ్యలేదు. గది చూసి, ఏసీ వేయించుకుని చూశాకే అడ్వాన్సు ఇవ్వండి. తిరుపతి నుంచి కాళహస్తికి ఆర్టీసీ బస్సులు రోజంతా ఉంటాయి, గంట ప్రయాణం. ఆదివారం రాహుకాలంలో మాత్రం గుడిలో కాలు పెట్టే సందు ఉండదు.

కలంకారీ ఇంట్లో ముందు కరక్కాయ, పాల వాసన తగులుతుంది. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. పాలలో కొవ్వు ఉండబట్టే గీసిన రంగు పక్కకు పాకదు. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము కలిపి పులియబెట్టిన నీళ్లతో గీత గీస్తే, కరక్కాయ తగిలి అది నల్లబడుతుంది. వెదురు పుల్ల చివర చుట్టిన గుడ్డను వేళ్లతో నొక్కుతూ ఆ ఇంటి పెద్దాయన ఒక్క గీతలో సీతమ్మ కన్ను వేశారు. చెరిపి మళ్లీ గీయడానికి వీల్లేని పని అది. నేను ఊపిరి బిగబట్టి చూశాను.

పేరున్న కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారు ఇక్కడివారే. 2008లో పద్మశ్రీ వచ్చింది. అంత మనిషి పేరు మేం నడిచిన వీధుల్లో ఒక రాయి మీద కూడా కనబడలేదు. నాకు చాలా బాధేసింది.

మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు న్యూయార్క్‌లో సెవెంత్ అవెన్యూ చూశాను. బట్టల వ్యాపారానికి పేరుపడ్డ వీధి. అక్కడ 2000 నుంచి డిజైనర్ల పేర్లతో ఫుట్‌పాత్‌లో ఫలకాలు పొదుగుతూ వచ్చారు. మొదటి విడతలోనే క్లేర్ మెకార్డెల్ పేరుంది. ఆడవాళ్ల బట్టలకు జేబులుండాలనీ, పని చేసుకునేవాళ్ల ఒంటికి అవి సుఖంగా ఉండాలనీ పట్టుబట్టిన మనిషి. 1942లో ఆమె చేసిన పాపోవర్ డ్రెస్, అంటే ఒంటికి చుట్టి కట్టుకునే గౌను, ఇంటిపని చేసుకునే ఆడవాళ్ల కోసమే. 1958లో పోయిన మనిషిని నలభై ఏళ్ల తర్వాత కూడా తలుచుకున్నారు. అదే వీధిలో కుట్టుమిషన్ ముందు కూర్చున్న దర్జీ విగ్రహం కూడా ఉంది. జుడిత్ వెల్లర్ అనే శిల్పి వాళ్ల నాన్నను చూసి చేసిందట. నాకు అన్నిటికంటే అదే నచ్చింది.

కాళహస్తిలో బస్టాండ్ నుంచి గుడికి నడిచే దారిలో అలాంటి ఫలకాలు పెట్టాలి. కళాకారుడి పేరు, ఆయన గీసిన ఒక బొమ్మ, తెలుగులో రెండు మాటలు చాలు. రోజూ వేలమంది చదువుతారు. మునిసిపాలిటీ, దేవస్థానం కలిసి తలుచుకుంటే అయ్యే పనే.

కొనేటప్పుడు జాగ్రత్త. గుడి దగ్గర ఒక దుకాణంలో స్క్రీన్ ప్రింట్‌ను చేతిపని అని చెప్పి మాకు చూపించారు. ఒకే పువ్వు నాలుగు చోట్ల ఉంటే పోల్చి చూడండి. చేత్తో వేస్తే ఏ రెండూ అచ్చుగుద్దినట్టు ఉండవు, గీత ఒకచోట సన్నంగా, ఒకచోట లావుగా నడుస్తుంది. చేతిపని చీర ధర ఎక్కువే. వారాల తరబడి ఉతుకులు, ఆరబెట్టడాలు ఉన్న పని కాబట్టి నేను బేరమాడలేదు. కొన్న గుడ్డ మీద పేరు రాసివ్వమని అడిగితే ఆ పెద్దాయన అదే కలంతో అంచున రాసిచ్చారు. మీరూ అడిగి రాయించుకోండి.