వాల్ డ్రగ్: బోర్డులు చదివించి మరీ ఆపే మందుల షాపు

అమెరికాలో సౌత్ డకోటా మీదుగా ఐ-90 రోడ్డు పట్టుకుని పడమరకి వెళ్తుంటే, వాల్ అనే ఊళ్లో ఉన్న వాల్ డ్రగ్ షాపులో ఆగాలా వద్దా అన్నది మీ చేతుల్లో ఉండదు. ఊరు ఇంకా వందల మైళ్ల దూరంలో ఉండగానే చెక్క బోర్డులు మొదలవుతాయి. ఐదు సెంట్లకే కాఫీ అని ఒకటి, ఐస్ నీళ్లు ఫ్రీ అని ఒకటి, డైనోసార్ ఉందని ఇంకొకటి. గడ్డి, ఆవులు, ఆకాశం తప్ప ఇంకేమీ కనిపించని రోడ్డు కదా, చదువుకోవడానికి అవే దిక్కు.

మా ఆయన కారెక్కితే పెట్రోలుకి తప్ప దేనికీ ఆపే మనిషి కాదు. ఫోన్ చూపించిన టైముకన్నా పది నిమిషాలు ముందు చేరితే ఆయనకి అదే పండగ. దానికి తోడు అక్కడ స్పీడ్ లిమిట్ 80 మైళ్లు! నేను ప్రతి బోర్డూ పైకి చదువుతుంటే "మౌంట్ రష్‌మోర్ చూడ్డానికి బయల్దేరామా, బోర్డులు చదవడానికా?" అని విసుక్కున్నారు. ఇంకో గంట గడిచాక "ఇంతకీ ఆ బోర్డుల్లో డోనట్ల సంగతేంటో చూద్దామా?" అన్నది కూడా ఆయనే.

ఆయన మెత్తబడటానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ రాష్ట్రం మధ్యలో టైమ్ జోన్ మారుతుంది. పడమరకి వెళ్తుంటే గడియారం గంట వెనక్కి జరుగుతుంది. "ఊరికే వచ్చిన గంటేగా, ఆ గంట నాది" అని నేను పట్టుబట్టాను. నిజానికి అప్పటికే నా కోటా వాడేశాను. మిచెల్‌లో మొక్కజొన్న కంకులతో గోడలు అలంకరించిన కార్న్ ప్యాలెస్ దగ్గర ఒకసారి ఆగాం. ఇప్పుడున్న భవనం 1921 నాటిది, కంకుల బొమ్మలు మాత్రం మారుస్తూ ఉంటారు. ఆ రంగులన్నీ కంకులకి సహజంగా ఉన్నవే, పెయింట్ కాదు. తర్వాత చేంబర్లిన్ దగ్గర, మిస్సోరీ నది ఒడ్డున రెస్ట్ ఏరియాలో ఉన్న 'డిగ్నిటీ' విగ్రహం. 50 అడుగుల స్టీలు విగ్రహం, వెనక పరిచిన నీలం రంగు దుప్పటితో నిలబడ్డ ఆదివాసీ మహిళ. అక్కడ మాత్రం మా ఆయన గొణగలేదు, ఫోటోలు నాకన్నా ఎక్కువే తీశారు.

వాల్‌కి కాస్త ముందు, ఎగ్జిట్ 116 దగ్గర ఆగడం అసలు మా ప్లాన్‌లోనే లేదు. పొలం మధ్యలో ఇనప కంచె, లోపల నేల మీద అద్దాల మూత. తొంగి చూస్తే కింద గొయ్యిలో నిటారుగా నిలబెట్టిన మినిట్‌మన్ క్షిపణి. అణు వార్‌హెడ్ లేదు, చూపించడానికి పెట్టిందే. అయినా కాళ్లలో చిన్న వణుకొచ్చింది. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో ఈ పచ్చిక బయళ్లన్నిట్లో ఇలాంటివి పాతిపెట్టి ఉంచారట. వాటిని కాల్చే కంట్రోల్ రూమ్ ఎగ్జిట్ 127 దగ్గర ఉంది. దాని బరువైన తలుపు మీద అక్కడ పనిచేసిన సైనికులు పిజ్జా డబ్బా బొమ్మ వేసి, ప్రపంచంలో ఎక్కడికైనా అరగంటలో డెలివరీ, ఆలస్యమైతే ఇంకోటి ఫ్రీ అని రాశారు. కిందకి దిగి ఆ తలుపు చూడాలంటే అక్కడి రేంజర్లు (పార్కు ఉద్యోగులు) చూపించే టూర్ ముందే బుక్ చేసుకోవాలి. దారిన పోతూ ఆగినవాళ్లకి కుదిరే పని కాదు.

ఇక షాపు సంగతి. 1931లో టెడ్ హస్టెడ్, డోరతీ అనే యువదంపతులు ఈ చిన్న ఊళ్లో మందుల షాపు కొన్నారు. ఆర్థిక మాంద్యం రోజులు, గిరాకీ లేదు. ఐదేళ్లు చూద్దాం అనుకున్నారు. ఆ గడువు దగ్గరపడ్డ 1936 వేసవిలో ఒక మధ్యాహ్నం డోరతీ కాసేపు నడుం వాలుద్దామంటే రోడ్డు మీద కార్ల చప్పుడుకి నిద్ర పట్టలేదు. ఆ ఎండలో పోయేవాళ్లకి కావాల్సింది చల్లటి నీళ్లు, మన దగ్గర ఐస్ ఉంది, ఫ్రీగా ఇస్తామని హైవే మీద బోర్డులు పెడదాం అని భర్తకి చెప్పింది. ఆయనకి పెద్ద నమ్మకం లేకపోయినా పెట్టాడు. బోర్డులు పాతి తిరిగొచ్చేసరికే షాపులో జనం! భార్య చెప్పింది విన్నందుకు బాగుపడిన వ్యాపారం ఇది అని నేను కారులో చదివి వినిపిస్తే, మా ఆయన రేడియో సౌండు పెంచారు.

ఎగ్జిట్ 110 దగ్గర డైనోసార్ కనిపించాక దారి వెతుక్కునే పనే లేదు. లోపల మందుల షాపు ఇప్పటికీ ఉంది, కానీ దాని చుట్టూ ఒక బజారే పెరిగిపోయింది. బూట్లు, టోపీలు, నగలు, పుస్తకాలు, మధ్యలో ప్రార్థన చేసుకోవడానికి ఒక చిన్న చాపెల్. కొనుక్కునే వస్తువుల్లో చాలావరకు ఏ టూరిస్టు ఊళ్లోనైనా దొరికేవే. వాటి కోసం గంట తగలేయొద్దు. భోజనాల హాల్లో గోడల మీదున్న పాత పశ్చిమ అమెరికా పెయింటింగులు మాత్రం తీరిగ్గా చూడండి. ఉచితంగా చూసే బొమ్మలు ఇంత మంచివి ఉంటాయని నేను అనుకోలేదు.

కాఫీ నిజంగానే ఐదు సెంట్లు. డబ్బులు తీసుకునే మనిషి ఉండడు, పక్కనున్న పెట్టెలో నాణెం వేసి మీరే పోసుకోవాలి. మా ఆయన ఆ పెట్టెలో డాలరు వేసి, చిల్లర కోసం ఒక్క క్షణం వెతికి, నేను చూస్తున్నానని ఊరుకున్నారు. కాఫీ పల్చగా ఉంటుంది, మన ఫిల్టర్ కాఫీ ఊహించుకుని వెళ్లొద్దు. కానీ దాంతోపాటు తినే డోనట్ గురించి చెప్పాలి. దూది లాంటి రకం కాదు. కేకులా గట్టిగా, బయట కొంచెం కరకరలాడుతూ, పైన మేపుల్ పూతతో ఉంటుంది. ఆ తీపికి ఈ పల్చటి కాఫీయే సరిపోయింది. కొత్తగా పెళ్లై హనీమూన్‌కి వెళ్లేవాళ్లకి, మాజీ సైనికులకి కాఫీ, డోనట్ ఫ్రీ. మేమూ అడుగుదామా అంటే మా ఆయన నా వైపొక చూపు చూశారు. భోజనంలో బీఫ్, బైసన్ (అమెరికా అడవి దున్న) వంటకాలదే పైచేయి, కాబట్టి శాకాహారులు కారులో పులిహోర పెట్టుకుని వెళ్లడం మేలు.

నాకు బాగా నచ్చింది వెనక పెరడు. కుందేలుకి కొమ్ములు పెట్టిన జాకలోప్ అనే వింత జంతువు పెద్ద బొమ్మ ఉంటుంది, దాని మీదెక్కి కూర్చోవచ్చు. పిల్లలు దిగాక పెద్దవాళ్లు సిగ్గుపడుతూ ఎక్కుతుంటారు. కొంచెం అవతల షెడ్డులో టీ-రెక్స్ డైనోసార్ బొమ్మ ఉన్నట్టుండి గర్జిస్తుంది, పొగ వదులుతుంది. చవకబారు వినోదమే, అయినా అక్కడున్నంతసేపూ ఎవరి చేతుల్లోనూ ఫోన్ లేదు, ఫోటోలకి తప్ప.

అసలు ఐస్ నీళ్లు కూడా అక్కడే, పెరట్లోనే, కుళాయి తిప్పి పట్టుకోవడమే. మా దగ్గరున్న సీసాలన్నీ నింపుకున్నాం.

కుదిరితే సాయంత్రం పూట వెళ్లండి, ఎండాకాలంలో మధ్యాహ్నం జనం ఎక్కువ. బ్యాడ్‌ల్యాండ్స్ నేషనల్ పార్క్‌లోంచి వచ్చే 240 రోడ్డు నేరుగా ఈ ఊరికే చేరుతుంది. కాబట్టి పార్కు చూసి దుమ్ము కొట్టుకుని వచ్చి, ఇక్కడ కాఫీ తాగి పోవడం మంచి వరస. దీన్ని చూడ్డానికే ప్రత్యేకంగా రావాలా అంటే, అక్కర్లేదు. ఆ దారిన పోతూ ఆగకపోతే మాత్రం మీ పక్క సీట్లో ఉన్నవాళ్లు తర్వాత వచ్చే పెద్ద ఊరు రాపిడ్ సిటీ దాకా దెప్పుతారు.

నా మార్కులు: కాఫీ, డోనట్, పెరడు కలిపి ఐదుకి ఐదు. షాపింగుకి రెండున్నర. అక్కడ తీసుకున్న స్టిక్కర్‌ని కారు వెనక అంటిస్తానంటే మా ఆయన ఇంకా ఒప్పుకోలేదు, అడుగుతూనే ఉన్నాను.