‘ఎప్పటి నుంచి ఉంది?’ అన్న ప్రశ్నకు జవాబు: లైసెన్సుల లెక్కలో జీఎల్‌పీఐతో మా అనుభవం

ఆఫీసు కంప్యూటర్లలో ఈరోజు ఏ సాఫ్ట్‌వేర్ ఉందో చెప్పే సాధనాలు చాలా ఉన్నాయి. అది ఎప్పుడు వచ్చిందో, ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు మారిందో, ఎప్పుడు తొలగించారో ఏళ్ల తరబడి భద్రపరచి అడిగినప్పుడు చూపించేవి మాత్రం తక్కువ. విజయవాడలోని మా నిర్మాణ సంస్థలో, సైట్ ఆఫీసులతో కలిపి తొంభైకి దగ్గరగా ఉన్న కంప్యూటర్లకు 2018 నుంచి జీఎల్‌పీఐ (GLPI) అనే ఆస్తుల నమోదు సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నాము. ప్రతి కంప్యూటర్‌లో ఉండి అక్కడి వివరాలను సర్వర్‌కు పంపే చిన్న ప్రోగ్రామ్‌ను ఏజెంటు అంటారు; మొదట్లో ఫ్యూజన్ ఇన్వెంటరీ ఏజెంటుతో నడిపాము. 2022లో జీఎల్‌పీఐ పదో వెర్షన్ విడుదలైన తరువాత దాని సొంత ఏజెంటుకు మారాము. ఇది ఓపెన్ సోర్స్ అని, డబ్బు కట్టనవసరం లేదని అందరికీ తెలిసిందే. నాకు దీనిపై ఇంత అభిమానం కలగడానికి కారణం వేరు: ప్రతి కంప్యూటర్ పేజీలోనూ ఉండే ‘చరిత్ర’ అన్న ట్యాబ్.

దీనికి ముందు ఏడాది చందా కట్టి మరొక సాధనాన్ని వాడాము. దాని పేరు ఇక్కడ రాయను. చూడటానికి అది చాలా చక్కగా ఉండేది, రంగు రంగుల చార్టులు ఇచ్చేది, యాజమాన్యానికి చూపించడానికి బాగుండేది. కానీ అది చూపించేది ఆనాటి పరిస్థితిని మాత్రమే. సైటుకు వెళ్లిన ల్యాప్‌టాప్ కొన్ని వారాలు కనబడకపోతే దాన్ని జాబితా నుంచి తనంతట తానే తీసేసేది. తిరిగి వచ్చినప్పుడు కొత్త కంప్యూటర్‌గా నమోదు చేసేది. గోదాములో సిమెంటు బస్తాల నిల్వ ఎంతో చెప్పి, ఎప్పుడు ఎన్ని వచ్చాయో ఎన్ని పోయాయో చెప్పలేని స్టాకు రిజిస్టరును ఏ ఆడిటరూ ఒప్పుకోడు. లైసెన్సుల విషయంలోనూ అంతే. ఆ చందా ముగిసినప్పుడు పొడిగించవద్దని గట్టిగా చెప్పింది నేనే.

చరిత్ర ట్యాబ్ అసలు విలువ 2023లో జావా విషయంలో తెలిసింది; జావా అంటే కొన్ని ప్రోగ్రామ్‌లు, వెబ్‌సైట్లు నడవడానికి కంప్యూటర్‌లో ఉండవలసిన ఒరాకిల్ కంపెనీ సాఫ్ట్‌వేర్. ప్రభుత్వ పనుల టెండర్లు వేసే సంస్థలలో పనిచేసేవారికి ఈ నేపథ్యం బాగా తెలుసు. ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టళ్లలో డిజిటల్ సంతకంతో బిడ్ సమర్పించడానికి ఏళ్ల తరబడి కంప్యూటర్‌లో జావా ఉండటం తప్పనిసరిగా ఉండేది. అందువల్ల మా టెండర్ల విభాగంలోనే కాక, ఎప్పుడో ఒకసారి డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్ పెట్టి సంతకం చేసిన అకౌంట్స్ కంప్యూటర్లలోనూ, కొందరు ఇంజినీర్ల ల్యాప్‌టాప్‌లలోనూ జావా చేరిపోయింది. ఉచితంగా దొరికేది కాబట్టి దానికి లైసెన్సు లెక్క ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

జావా 8లో వాణిజ్య అవసరాలకు ఉచితంగా వాడుకోగలిగిన పాత లైసెన్సు 2019 జనవరిలో వచ్చిన 201, 202 అప్‌డేట్లతో ఆగిపోయింది. అదే ఏడాది ఏప్రిల్ 16న వచ్చిన 211వ అప్‌డేట్ నుంచి ఒరాకిల్ షరతులు మారాయి. సొంత వాడకానికి ఉచితమే గాని, సంస్థలలో సాధారణ వాడకానికి చందా కావాలి. ఆ పైన 2023 జనవరిలో చందా లెక్క కూడా మారింది. ఎన్ని కంప్యూటర్లలో జావా ఉందన్నది కాక, సంస్థలో మొత్తం ఉద్యోగులు ఎందరన్నది ఆధారమైంది. వెయ్యి మంది లోపు సంస్థలకు ప్రకటించిన ధర ఒక్కొక్కరికి నెలకు 15 డాలర్లు. నిర్మాణ సంస్థలో కంప్యూటర్ ముట్టుకోని ఉద్యోగులే ఎక్కువ. వారందరినీ లెక్కలో చేర్చవలసి వస్తే ఎంత అవుతుందో ఊహించుకోవచ్చు.

ఆ ఏడాది మా అంతర్గత ఆడిట్‌లో అడిగిన ప్రశ్న చాలా సూటిగా ఉంది: ఏ కంప్యూటర్లలో ఒరాకిల్ జావా ఉంది, ఏ వెర్షన్, ఎప్పటి నుంచి? మొదటి రెండింటికీ ఏ సాధనమైనా జవాబు చెబుతుంది. మూడోదానికి మేము చరిత్ర ట్యాబ్ తెరిచాము. కొన్ని కంప్యూటర్లలో 201వ అప్‌డేట్ తరువాత ఏ మార్పూ లేదు. అవి పాత షరతుల కింద ఉన్నవే, అయితే భద్రతా సవరణలు లేక పాతబడిపోయినవి. మరికొన్నింటిలో ఒక తేదీన 201 తొలగిపోయినట్లు, 211 లేదా ఆ తరువాతిది వచ్చినట్లు పక్కపక్కనే రెండు వరుసలు ఉన్నాయి. తెర మీదకు వచ్చిన అప్‌డేట్ సందేశానికి ఎవరో సరేనని నొక్కడమే దానికి కారణం. అలా నొక్కిన ఉద్యోగిని తప్పు పట్టడానికి లేదు. భద్రత కోసం అప్‌డేట్ చేసుకోమని చెబుతూ వచ్చింది మా విభాగమే.

ఆ జాబితా చేతిలోకి వచ్చాక నిర్ణయాలు సులువయ్యాయి. అవసరం తీరిపోయిన కంప్యూటర్లలో జావాను పూర్తిగా తొలగించాము. ఏదో ఒక ప్రోగ్రామ్‌కు ఇంకా కావలసిన చోట, ముందుగా పరీక్షించి, ఒరాకిల్ జావాకు బదులు ఉచిత లైసెన్సుతో దొరికే ఎక్లిప్స్ టెమురిన్ అనే జావా పెట్టాము. తొలగించిన తేదీలు కూడా అదే చరిత్రలోకి ఎక్కాయి కాబట్టి, తీసేశామన్న మాటకు విడిగా రుజువు తయారు చేయవలసిన పని లేకపోయింది. కొంతకాలానికి టెండర్ల విభాగంలో ఒక కంప్యూటర్‌లో జావా మళ్లీ ప్రత్యక్షమైంది; షేర్డ్ ఫోల్డర్‌లో మిగిలిపోయిన పాత ఇన్‌స్టాలర్‌ను ఎవరో నడిపారు. ఏజెంటు మరునాడే దాన్ని పట్టి చూపించింది. ఆ ఇన్‌స్టాలర్‌ను ఫోల్డర్ నుంచి తీసేయడంతో ఆ సమస్య అక్కడితో ఆగింది.

అయితే చరిత్రలో కనిపించే తేదీ, మార్పును ఏజెంటు గమనించిన తేదీ అని గుర్తుంచుకోవాలి. రోజూ నెట్‌వర్క్‌లో ఉండే కంప్యూటర్‌కు దీనికీ, మార్పు నిజంగా జరిగిన తేదీకీ పెద్దగా తేడా ఉండదు. నెల రోజులు సైట్‌లో ఉండిపోయిన ల్యాప్‌టాప్‌కు మాత్రం తేడా చాలా ఉండవచ్చు. అక్కడ సాఫ్ట్‌వేర్ వివరాలలో విడిగా కనిపించే ఇన్‌స్టాల్ తేదీని కూడా పోల్చి చూసుకోవాలి. నెట్ లేని చోట ఏజెంటును స్థానికంగా నడిపి, వచ్చిన ఫైలును తరువాత సర్వర్‌లోకి ఎక్కించే వీలు ఉంది. మా సైట్ ఆఫీసులకు అది బాగా పనికొచ్చింది.

ఏజెంటు విండోస్‌లో ప్రధానంగా చదివేది రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) లోని అన్‌ఇన్‌స్టాల్ జాబితాను. వేరే ప్రోగ్రామ్ తన ఫోల్డర్‌లోనే లోపల పెట్టుకుని తెచ్చిన జావా ఆ జాబితాలో ఉండదు. అలాంటివాటి కోసం జీఎల్‌పీఐకి అదనంగా చేర్చుకునే ఇన్వెంటరీ ప్లగిన్‌లోని ‘కలెక్ట్’ పనితో ఫైలు పేరును బట్టి ప్రత్యేకంగా వెతికించాము. అడ్మినిస్ట్రేటర్ అనుమతి లేకుండా ఉద్యోగి తన ప్రొఫైల్‌లో మాత్రమే ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రోగ్రామ్‌లు కూడా మామూలుగా తప్పిపోతాయి. ప్రొఫైళ్లను కూడా చూడమని ఏజెంటు కాన్ఫిగరేషన్‌లో విడిగా చెప్పాలి. నాకు ఎంతో ఇష్టమైన ఈ చరిత్రకు పరిమితులు మరికొన్ని ఉన్నాయి. కంప్యూటర్ రికార్డును శాశ్వతంగా తొలగిస్తే దాని చరిత్రా పోతుంది. మదర్‌బోర్డు మారిస్తే గుర్తింపు సంఖ్య మారి అదే కంప్యూటర్ కొత్త రికార్డుగా నమోదు కావచ్చు. దుకాణంలో కూర్చిన అసెంబుల్డ్ కంప్యూటర్లలో చాలావాటికి సరైన సీరియల్ నంబరే ఉండదు కాబట్టి అక్కడ మరింత జాగ్రత్త అవసరం. లాగ్‌లను, అంటే ఈ చరిత్ర నమోదులను, ఎన్ని నెలల తరువాత తుడిచేయాలన్న సెట్టింగులో సాఫ్ట్‌వేర్ మార్పుల వరుసను తప్పనిసరిగా ఒకసారి చూసుకోవాలి. డేటాబేస్ పెరిగిపోతోందని అక్కడ గడువు తగ్గించేస్తే, ఈ సాధనాన్ని ఎంచుకున్న కారణమే పోతుంది.

ఇక లైసెన్సుల నిర్వహణ అన్న రెండో సగం గురించి నా అభిప్రాయం అంత గొప్పగా లేదు. ఏమి ఇన్‌స్టాల్ అయి ఉందో ఏజెంటు చెబుతుంది గాని, దేనికి హక్కు కొన్నామో మనమే ఇన్వాయిస్‌లు చూసి నమోదు చేయాలి. కొత్త కంప్యూటర్‌తో పాటే వచ్చే విండోస్ ఓఈఎం లైసెన్సు ఆ కంప్యూటర్‌తోనే ముడిపడి ఉంటుంది, విడిగా కొన్న రిటైల్ లైసెన్సును మరో కంప్యూటర్‌కు మార్చుకోవచ్చు. ఈ తేడాను రాసిపెట్టుకోవలసిందీ మనమే. ఇంజినీరింగ్ డ్రాయింగులకు వాడే ఆటోకాడ్ వంటివి ఇప్పుడు పేరు పేరునా వాడుకరికి కేటాయించే చందాలు కాబట్టి ఇన్‌స్టాలేషన్ల సంఖ్యతో వాటి లెక్క తేలదు. గడువు ముగిసే లైసెన్సుల హెచ్చరికలు సకాలంలో రావాలంటే నోటిఫికేషన్లు ఆన్ చేయడమే కాక, ఆటోమేటిక్ పనులను సర్వర్ క్రాన్‌తో (నిర్ణీత సమయాలకు పనులను తనంతట తానే నడిపే ఏర్పాటుతో) నడపాలి. లేకపోతే ఎవరైనా జీఎల్‌పీఐ తెరిచినప్పుడే అవి కదులుతాయి. ఒకే ప్రోగ్రామ్ రకరకాల పేర్లతో జాబితాలోకి వస్తుంది కాబట్టి, వాటిని ఒక పేరు కిందికి తెచ్చే డిక్షనరీ నిబంధనలు రాయడానికి మొదట్లో చాలా ఓపిక కావాలి. ఆ పని చేయకుండా వచ్చే నివేదికలను నేను నమ్మను.

మన దేశంలో కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం, అక్రమ ప్రతి అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. కాబట్టి ఏదో ఒక లెక్క ప్రతి ఆఫీసూ పెట్టుకోవలసిందే. కానీ అందరికీ జీఎల్‌పీఐ సరిపోతుందని నేను చెప్పలేను. మా దగ్గర లైనక్స్ సర్వర్ చూసుకోగల మనిషి ఉన్నారు, బ్యాకప్ పద్ధతిగా జరుగుతుంది, కంప్యూటర్ల సంఖ్య ఒక స్థాయిలో ఉంది. పది పదిహేను కంప్యూటర్లున్న ఆఫీసుకు, ఇన్వాయిస్‌లు ఒక ఫైలులో ఉంచి ప్రతి మూడు నెలలకూ ఎక్సెల్ షీటులో జాబితా తీసి తేదీ వేసి దాచుకుంటే చాలు. సర్వర్ చూసే మనిషి లేని పెద్ద ఆఫీసులైతే చందా కట్టే సాధనాన్నే తీసుకోవచ్చు. డబ్బు కట్టే ముందు అమ్మేవారిని, ఏడాది కిందట ఫలానా కంప్యూటర్‌లో ఏ వెర్షన్ ఉండేదో చూపించగలరా అని అడిగి, డెమోలో ఆ పేజీని తెరిపించి చూడండి.