ఆంప్లాట్జర్ పీఎఫ్ఓ ఆక్లూడర్: పరికరం మంచిదే, అవసరం తేల్చుకోవడంలోనే అసలు పని

బీపీ, షుగర్, పొగతాగే అలవాటు ఏవీ లేకుండా, నలభై ఏళ్లు నిండని మనిషికి బ్రెయిన్ స్ట్రోక్ వచ్చినప్పుడు న్యూరాలజిస్టులు వెతికే కారణాల్లో పీఎఫ్ఓ, అంటే గుండె పై గదులైన కర్ణికల మధ్య గోడలో మిగిలిపోయిన సందు, ఒకటి. గర్భంలోని శిశువుకు ఊపిరితిత్తులతో పని ఉండదు కాబట్టి, మాయ నుంచి వచ్చిన మంచి రక్తం కుడి కర్ణిక నుంచి ఎడమ కర్ణికలోకి నేరుగా దాటడానికి మధ్య గోడలో ఒక ద్వారం ఉంటుంది. పుట్టిన తరువాత అతుక్కుపోవలసిన ఆ ద్వారం, పెద్దవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి పూర్తిగా అతుక్కోదు. వాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియకుండానే జీవితం గడిచిపోతుంది. అయితే కాలి సిరలో పుట్టిన రక్తపు గడ్డ, ఊపిరితిత్తుల్లో చిక్కుకోవలసింది పోయి, దగ్గినప్పుడో ముక్కినప్పుడో తెరుచుకున్న ఆ సందులోంచి ఎడమవైపుకు దాటి మెదడుకు చేరితే స్ట్రోక్ వస్తుంది. ఆ సందును మూయడానికి మా తమ్ముడికి హైదరాబాద్‌లోని ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో ఆంప్లాట్జర్ అమర్చారు.

ఆస్ట్రియాలో పుట్టి, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పనిచేసిన రేడియాలజిస్టు కర్ట్ ఆంప్లాట్జ్ పేరే దీనికి వచ్చింది. ఇప్పుడు అబాట్ కంపెనీ తయారుచేస్తోంది. నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ తీగతో అల్లిన రెండు బిళ్లలు, వాటిని కలిపే సన్నని నడుము, లోపల పాలిస్టర్ గుడ్డ, ఇంతే నిర్మాణం. 25 మిల్లీమీటర్ల సైజులో కుడివైపు బిళ్ల 25, ఎడమవైపు బిళ్ల 18 మిల్లీమీటర్లు ఉంటాయి. కార్డియాలజిస్టు మాకు చూపిన నమూనాను గొట్టంలోకి లాగితే సన్నగా సాగిపోయింది. బయటికి తోయగానే ముందు ఒక బిళ్ల, ఆ వెనుక రెండోది గొడుగు విప్పినట్టు విచ్చుకుని పాత ఆకారానికి వచ్చాయి.

ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చింది అమర్చడానికి ముందు జరిగిన పరీక్షలు. నలుగురిలో ఒకరికి ఉండే సందు కనబడినంత మాత్రాన స్ట్రోక్ దానివల్లే వచ్చిందని చెప్పలేము గనుక, మెడ రక్తనాళాల స్కాన్, గుండె లయను గంటల తరబడి నమోదుచేసే హోల్టర్, రక్తం గడ్డకట్టే స్వభావం మీద పరీక్షలు అన్నీ చేసి, వయసునూ ఇతర జబ్బులనూ బట్టి స్ట్రోక్‌కు ఆ సందే కారణమై ఉండే అవకాశాన్ని పదికి లెక్కగట్టే రోప్ స్కోరు చూసిన తరువాతే న్యూరాలజిస్టు, కార్డియాలజిస్టు కలిసి నిర్ణయం చెప్పారు. సందు ఉందో లేదో తేల్చే బబుల్ టెస్ట్‌ను నేను పక్కనే నిలబడి చూశాను. రెండు సిరంజిల మధ్య సెలైన్‌ను, కాస్త గాలితో కలిపి, అటూ ఇటూ వేగంగా తోసి నురగలా చేసి చేతి సిరలోకి ఎక్కించారు. ఊపిరి బిగపట్టి ముక్కమన్నారు, వదలమన్నారు. ఎకో (గుండె అల్ట్రాసౌండ్) తెరమీద కుడి కర్ణిక తెల్లని చుక్కలతో నిండిపోయింది. గుండె మూడుసార్లు కొట్టుకునేలోపే ఆ చుక్కలు ఎడమవైపు కనిపించాయి, అంటే సందు ఉన్నట్టే. ఎవరైనా ఈ పరీక్షలు లేకుండా నేరుగా మూత వేద్దామంటే, రెండో అభిప్రాయం తీసుకోవడం మంచిది.

అమర్చే పని చిన్నదే. గజ్జ దగ్గర సిరలోంచి గొట్టం పంపి, ఎకో, ఎక్స్‌రే తెరలు చూస్తూ బిళ్లలను గోడకు చెరొకవైపు విప్పుతారు. కోత, కుట్లు ఉండవు. మా తమ్ముడు మరునాడే ఇంటికి వచ్చాడు.

ఇక ఫలితాల సంగతి. 2012లో స్టార్‌ఫ్లెక్స్ అనే వేరే పరికరంతో వచ్చిన క్లోజర్ 1 అధ్యయనంలో మందులకంటే మెరుగైన ఫలితం కనబడలేదు. అందుకే ఒక పరికరానికి వచ్చిన పేరును మరొకదానికి అంటగట్టకూడదని నా అభిప్రాయం. ఆంప్లాట్జర్ మీద జరిగిన రెస్పెక్ట్ అధ్యయనంలో 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసున్న 980 మందిని సగటున ఆరేళ్లకు దగ్గరగా గమనించగా, పరికరం పెట్టినవారిలో 18 మందికి, మందులే వాడినవారిలో 28 మందికి మళ్లీ స్ట్రోక్ వచ్చింది. ఏడాదికి లెక్కిస్తే తేడా నూరుమందిలో అరమనిషి. ఇది చాలా తక్కువ అనిపించవచ్చు కానీ, ముప్పై అయిదేళ్ల మనిషికి ముందున్న సంవత్సరాలను తలుచుకుంటే తీసిపారేయదగినది కాదు. 2017లో వెలువడిన ఫ్రెంచి అధ్యయనం క్లోజ్‌లో, సందు పెద్దదిగానో, కర్ణికల మధ్య గోడ వదులుగానో ఉన్నవాళ్లనే ఎంచుకుని మూత వేయగా, 238 మందిలో ఒక్కరికీ మళ్లీ స్ట్రోక్ రాలేదు. రక్తం గడ్డకట్టకుండా చూసే యాంటీప్లేట్‌లెట్ మందులే వాడిన 235 మందిలో 14 మందికి వచ్చింది.

లోపాలు లేవని కాదు. క్లోజ్‌లోనే మూత వేసినవారిలో 4.6 శాతం మందికి గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చింది. మందులవారిలో అది 0.9 శాతమే. మా తమ్ముడికి మొదటి వారాల్లో దడ అనిపించి మళ్లీ హోల్టర్ పెట్టించుకోవలసి వచ్చింది. అదృష్టవశాత్తు అదనపు బీట్లు తప్ప ఏమీ కనబడలేదు. నికెల్ అలర్జీ ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. పరికరం పెట్టాక మాత్రలు మానేయవచ్చని కొందరు అనుకుంటారు. కానీ మాకు అలాంటి యాంటీప్లేట్‌లెట్ మందులైన ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి ఇచ్చి, తరువాత ఆస్పిరిన్ ఒక్కటే కొనసాగించమన్నారు. అరవై దాటినవారికి ఇది సాధారణంగా సూచించే చికిత్స కాదు, ఆ వయసులో స్ట్రోక్‌కు వేరే కారణాలే ఎక్కువ.

ఆసుపత్రి మీద ఉన్న ఒకే ఒక్క ఫిర్యాదు బిల్లు గురించి. ముందుగా ఇచ్చిన ప్యాకేజీ కాగితంలో పరికరం ధర ఉందో లేదో రాయలేదు, డిశ్చార్జి నాడు అది వేరుగా వచ్చి చేరింది, బీమా డెస్క్ దగ్గర ఒక పూటంతా వాదన నడిచింది. కాబట్టి కంపెనీ, మోడల్, సైజు, ధర నాలుగూ ముందే రాతపూర్వకంగా తీసుకోండి. పెట్టెమీది స్టిక్కర్ కేస్ షీట్‌లో అంటించారో లేదో చూసి దాని ఫొటో తీసుకోండి. ఇంప్లాంట్ కార్డును కూడా అడిగి తీసుకుని భద్రపరచండి, ఎందుకంటే రేపు ఎంఆర్ఐ తీయించుకోవలసి వస్తే అక్కడి టెక్నీషియన్ మొదట అడిగేది దాన్నే.