బ్యోర్క్ ‘మెడుల్లా’: ఏళ్ల తరబడి విన్న ఒక క్వాయర్ మనిషి మాట

ముందే చెప్పేస్తాను, ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ ఆల్బమ్ ‘మెడుల్లా’ మీద నాకున్న ప్రేమంతా ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. ఇందులో పాడేవాళ్ల ఊపిరి వినిపిస్తుంది. పాట ఎత్తుకునే ముందు గాలి లోపలికి లాగే చప్పుడు, లైను చివర గాలి అయిపోవస్తుంటే గొంతులో వచ్చే సన్నటి వణుకు, నోరు తెరుస్తుంటే పెదాలు విడిపడే తడి చప్పుడు, వీటిని తుడిచెయ్యలేదు. మామూలుగా స్టూడియోలో ముందు కత్తెర పడేది వీటి మీదే. చర్చి క్వాయర్‌లో, అంటే మా గాయక బృందంలో, మా మాస్టారు గారు కొత్తగా చేరినవాళ్లకి చెప్పే మొదటి మాట కూడా అదే: ఊపిరి పీల్చినట్టు ఎదుటివాళ్లకి తెలియకూడదు. ఆ మాట వింటూ పెరిగిన ఆల్టో గొంతు నాది, అంటే ఆడవాళ్లలో కింది స్వరాలు పాడే గొంతు. ఊపిరిని దాచకుండా ముందువరసలో కూర్చోబెట్టిన ఈ రికార్డు నా చెవిలో పడినప్పుడు కలిగిన సంతోషం ఇన్నేళ్లయినా తగ్గలేదు.

బ్యోర్క్ చరిత్రంతా చెప్పే పని పెట్టుకోను. ఆమె అభిమానులు ఈ ఆల్బమ్ దగ్గర ఎందుకు చీలిపోయారో అర్థం కావడానికి మాత్రం కొంచెం వెనక్కి వెళ్లాలి. 2001లో ఆమె ఆల్బమ్ ‘వెస్పర్‌టైన్’ వచ్చింది. హార్పు, మ్యూజిక్ బాక్సులు, మంచు మీద అడుగులేసినట్టు చిన్నచిన్న బీట్లు. చలికాలం రాత్రి దుప్పటి కప్పుకుని వినే సంగీతం అది. తర్వాత కూడా అలాంటిదే ఇంకొకటి వస్తుందని చాలామంది కాచుకుని కూర్చున్నారు. 2004 ఆగస్టులో వచ్చింది మాత్రం దాదాపు మొత్తం మనుషుల గొంతులతోనే కట్టిన 14 ట్రాకులు. ఆమె మొదలుపెట్టింది వాయిద్యాలతోనే. మధ్యలో వాటిని మ్యూట్ చేసి వింటే గొంతులు మిగిలినప్పుడే పాట బాగుందనిపించి, ఆ దారినే పట్టుకుంది. డ్రమ్స్ ఉండాల్సిన చోట నోటితోనే డ్రమ్స్ శబ్దాలు చేసే అమెరికా బీట్‌బాక్సర్ రాహ్‌జెల్, జపాన్ నుంచి డొకాకా. కింద గుర్రుమనే గొంతు రాక్ గాయకుడు మైక్ ప్యాటన్‌ది. ‘ట్రయంఫ్ ఆఫ్ ఎ హార్ట్’లో ట్రోంబోన్ అనే ఊదే వాయిద్యంలా వినిపించేది కూడా ఒక మనిషి నోరే. వీళ్లందరి వెనక ఐస్‌లాండ్ క్వాయర్, లండన్ క్వాయర్.

నాకు తెలిసిన బ్యోర్క్ అభిమానుల్లో ఈ ఆల్బమ్ మీద మధ్యస్థంగా మాట్లాడేవాళ్లు తక్కువ. ఆమె పాత ఆల్బమ్ ‘హోమోజెనిక్’లో వయొలిన్లూ, బరువైన బీట్లూ కలిసిన ఆ ఊపుని ప్రేమించి వచ్చినవాళ్లకి ఇది చేతులు కట్టేసినట్టు అనిపిస్తుంది. నాకు బ్యోర్క్‌ని పరిచయం చేసిన మా పెద్దమ్మ కొడుకు ఆ బాపతు. "నువ్వు క్వాయర్‌లో ఉన్నావు కాబట్టి నీకు నచ్చింది గానీ, ఇది ప్రాక్టీస్ చేస్తుంటే రికార్డు చేసినట్టుంది చెల్లీ" అని ఇప్పటికీ అంటాడు. రెండో వర్గానికి ఇందులో రెండు మూడు పాటలే కావాలి, ముఖ్యంగా ‘హూ ఈజ్ ఇట్’. మిగతావి ప్రయోగాలని పక్కన పెట్టేస్తారు. మూడో వర్గం దీన్నే ఆమె చేసిన వాటిల్లో అన్నిటికంటే ధైర్యమైన పనిగా నెత్తిన పెట్టుకుంటుంది. నేను మూడో వర్గంలోనే ఉన్నాను. కాకపోతే ధైర్యం అనే మాట నాకు సరిపోదు. ధైర్యంగా చేసిన పనులన్నీ మళ్లీ మళ్లీ వినాలనిపించవు. ఇది అనిపిస్తుంది, ఇప్పటికీ.

ఏథెన్స్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం చూసినవాళ్లకి ‘ఓషియానియా’ గుర్తుండే ఉంటుంది. 2004 ఆగస్టు 13న ఆమె పాడుతుంటే, వేసుకున్న గౌను బట్ట అలా విప్పుకుంటూ పోయి మైదానంలో నిలబడ్డ క్రీడాకారుల తలల మీద పరుచుకుంది. అందరూ ఆ గౌను గురించే మాట్లాడుకున్నారు. ఆ పాటలో ఆడవాళ్ల క్వాయర్ నీళ్లలో బుడగల్లా ఒక్కసారిగా కింది నుంచి పైకి ఎగసే చోటొకటుంది. ఆ సంగతి ఎవరూ ఎత్తరు. ఆల్టోలు అలా జారుతూ పైకి వెళ్లడం ఎంత కష్టమో, పైకి చేరాక అందరూ ఒకే స్వరం మీద ఆగడం ఇంకెంత కష్టమో పాడినవాళ్లకి తెలుస్తుంది. దాన్ని నేను రివైండ్ చేసి చేసి వింటుంటాను.

ఈ ఆల్బమ్ నాకు నిజంగా పనికొచ్చిన రాత్రి గురించి వివరంగా చెప్పాలి. రెండేళ్ల కిందట డిసెంబర్‌లో, గుంటూరులో క్యారల్స్ రౌండ్స్. తెలియనివాళ్ల కోసం: క్రిస్మస్‌కి ముందు రోజుల్లో రాత్రిళ్లు ఇంటింటికీ వెళ్లి పాటలు పాడతాం. ట్రాలీ ఆటోలో కీబోర్డు, రిథమ్ ప్యాడ్, బ్యాటరీ, స్పీకరు; వెనకాల బళ్ల మీద మేము. బ్రాడీపేటలో ఒక సందులోకి తిరిగేటప్పుడు ఆటో గుంతలో పడి ఎగిరింది. కీబోర్డు స్టాండు మీద నుంచి జారింది, పట్టుకున్నారు గానీ అడాప్టర్ పిన్ను లోపలే విరిగిపోయింది. రిథమ్ ప్యాడ్ వైరు కూడా ఆ గుంజుడుకి ఊడి, పెట్టినా పనిచెయ్యలేదు. అప్పటికి పదకొండు దాటింది. ఇంకా ఇళ్లు మిగిలే ఉన్నాయి, ఆ ఇళ్లవాళ్లు వాకిట్లో ముగ్గులేసి, దీపాలు పెట్టుకుని, పెద్దవాళ్లని కూడా నిద్రలేపి కూర్చోబెట్టారు. వెళ్లకపోతే బాధపడతారు. వెళ్తే శ్రుతి ఇచ్చేది లేదు, తాళం పట్టేది లేదు. కీబోర్డు లేకుండా మా వాళ్లు పాడింది ఎప్పుడూ లేదు. ఆ టెన్షన్‌లో ఒకరిద్దరు చప్పట్లతో లాగించేద్దామన్నారు.

మగవాళ్లలో కింది స్వరాలు పాడేవాళ్లని మేము బేస్ అంటాం. మాస్టారు గారిని అడిగాను: "సార్, బేస్ వాళ్లు పాట పాడొద్దు. కింది స్వరం ఒక్కటే పట్టుకుని ఊ అని నిలబెట్టమనండి. అందరూ ఒకేసారి ఊపిరి తీసుకోకుండా ఒకరి తర్వాత ఒకరు తీసుకుంటే అది తెగదు." ‘వోకురో’ ట్రాకులో వెనక క్వాయర్ గొంతులన్నీ కలిసి నేలలా పరుచుకుని ఉంటాయి. బ్యోర్క్ గొంతు దాని మీద ఒంటరిగా నడుస్తుంటుంది. నా తలలో ఉన్నది అదే. ఆయన కొంచెం ఆలోచించి సరేనన్నారు. తాళం సంగతి ఎలా అనుకుంటుంటే, ఇంటర్ చదివే కుర్రాడు ఒకడు "అక్కా, నేను నోటితో కొడతాలే" అన్నాడు. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాడట, ఇంట్లో తిడతారని చర్చిలో ఎవరికీ చెప్పలేదు. పెదాలు బిగించి "బుమ్" అని ఒకటి, నాలుక పళ్లకి తగిలించి "త్స" అని ఇంకోటి, మధ్యలో గొంతు వెనక నుంచి "క్హ".

మొదటి ఇంట్లో కుదరలేదు. ఆడవాళ్లలో పై స్వరాలు పాడే సోప్రానోలు అలవాటుగా కీబోర్డు కోసం చూస్తున్నారు, ఎవరు ముందు ఎత్తుకోవాలో తెలియలేదు. రెండో ఇంటి దగ్గరకొచ్చేసరికి కుదురుకుంది. బేస్ వాళ్లు నలుగురే, అందులో ఇద్దరికి జలుబు. అయినా వాళ్లు పట్టుకున్న ఆ ఊ మీద మిగతా గొంతులన్నీ నిలబడ్డాయి. వాకిట్లో కుర్చీలో కూర్చున్న ముసలాయన, ఆ ఇంటి తాతగారు, లేచి వచ్చి కుర్రాడి నోటికి దగ్గరగా చెవి పెట్టి విన్నాడు. స్పీకర్ లేకపోవడం వల్ల మొట్టమొదటిసారి నా పక్కనున్న టెనర్, అంటే మగవాళ్లలో పై స్వరాలు పాడే అతను, ఎక్కడ ఊపిరి పీలుస్తున్నాడో నాకు వినిపించింది. ఆ చప్పుడు వినే తర్వాతి లైను ఎప్పుడు ఎత్తాలో తెలుసుకున్నాను. క్వాయర్‌లో చిన్నప్పటి నుంచీ ఉన్నాను, పక్కవాళ్ల ఊపిరిని పట్టుకుని పాడటం అప్పటిదాకా నాకు అనుభవంలోకి రాలేదు. అదంతా ఈ ఆల్బమ్ పుణ్యమే అనను. అయితే ఏ వాయిద్యమూ లేనప్పుడు పాటని మొయ్యడానికి ఒక దారి ఉందని నా చెవికి ముందే తెలుసు, అది దీని వల్లే.

ఆ రాత్రి తర్వాత ఆల్బమ్‌ని వేరేగా వింటున్నాను. దీన్ని పొగుడుతూ "మొత్తం నోటితోనే చేశారు" అని చాలామందికి చెప్పి వినిపించాను. ఆ మాటకి ఇప్పుడు ఇంకో వివరం జోడిస్తున్నాను. చివరి ఇంటికి వచ్చేసరికి మా శ్రుతి బాగా దిగిపోయింది. ఎక్కడ మొదలెట్టామో, ఎక్కడ తేలామో మాస్టారు గారికే తెలుసు. బేస్ వాళ్ల గొంతులు బొంగురుపోయాయి. కుర్రాడి పెదాలు ఆరిపోయి, మూడో ఇంటి నుంచీ "త్స" సరిగ్గా రాలేదు. ‘మెడుల్లా’లో అలాంటిది జరగదు. ఎందుకంటే అక్కడ గొంతులు మనుషులవే అయినా, వాటిని నిలబెట్టింది కంప్యూటర్. బ్యోర్క్‌తో పాటు దీనికి పనిచేసిన మార్క్ బెల్ ఎలక్ట్రానిక్ సంగీతం నుంచి వచ్చిన మనిషి. రాహ్‌జెల్ నోటి దెబ్బల్ని ముక్కలు చేసి, పేర్చి, అలసిపోని తాళంగా మార్చారు. ‘డిజైర్డ్ కాన్‌స్టలేషన్’లో చిటపటలాడే శబ్దం కూడా ఆమె పాత పాటలోని గొంతు ముక్కని నలగ్గొట్టి చేసిందే. ‘యాన్సెస్టర్స్’లో పియానో కూడా ఉంది. ఇవి తప్పులని నేననను. కానీ పదిమంది నిలబడి పాడిన రికార్డు అనుకుని వింటే కొన్ని చోట్ల చల్లగా అనిపిస్తుంది. ‘వేర్ ఈజ్ ద లైన్’ నాకు అలాగే అనిపిస్తుంది. క్వాయర్ అరుపులు, బీటు కోతలు కలిసి గొప్పగా ఉంటాయి, కానీ ఆ కోతల్లో ఊపిరి కూడా తెగిపోతుంది.

దానికి పూర్తిగా ఎదురు ‘షో మి ఫర్గివ్‌నెస్’. నిమిషంన్నర కూడా ఉండదు, ఆమె ఒక్క గొంతే. వెనక క్వాయర్ లేదు, బీటు లేదు. ప్రతి లైనుకీ ముందు ఊపిరి చప్పుడు, లైను అయ్యాక గదిలో మిగిలిన నిశ్శబ్దం. నాకు ఆల్బమ్ మొత్తంలో ఒక్కటే ఉంచుకోమంటే దీన్నే ఉంచుకుంటాను.

అభిమానులు ఎక్కువగా దాటేసే ‘యాన్సెస్టర్స్’ గురించి కూడా చెప్పాలి. అందులో బ్యోర్క్‌తో కలిసి గొంతు కలిపింది కెనడా ఉత్తరాన నునావుట్‌కి చెందిన, అక్కడి ఇనుయిట్ ఆదివాసీ గాయని టాన్యా టగాక్. ఇనుయిట్ ఆడవాళ్ల గొంతు పాట సంప్రదాయంగా ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఆడే ఆట. ఒకరి శబ్దాల సందులో ఇంకొకరు శబ్దం పెడుతూ పోతారు. ముందు నవ్వినవాళ్లో, ఊపిరి అందక ఆగినవాళ్లో ఓడినట్టు. గాలి లోపలికి లాగడం, బయటికి వదలడం రెండూ అందులో శబ్దమే. టగాక్ దాన్ని ఒంటరిగా పాడే కళగా చేసుకుంది. ఇది తెలిశాక ఆ ట్రాకు మీద నా గౌరవం చాలా పెరిగింది. వినడం మాత్రం పెద్దగా పెరగలేదు. మూలుగులు, రొప్పులు అంత దగ్గరగా వింటుంటే నా గుండె వేగం మారుతుంది. నాకు చిన్నప్పుడు ఆయాసం ఉండేది, దాని వల్ల కావచ్చు. ఆయాసం తెలియని మనిషికి అదే ట్రాకు ఆటలా వినిపించవచ్చు.

ఎలా వినాలనేది ఈ ఆల్బమ్ విషయంలో మామూలు సలహా కాదు, అదే సగం. నా దగ్గరున్న చిన్న బ్లూటూత్ స్పీకర్‌లో పెడితే కింది గొంతులు మాయమైపోయి, పైన ఎవరో దేనికోసమో అరుస్తున్నట్టు వస్తుంది. మా అన్నయ్య విన్నది అలాంటి స్పీకర్ మీదే, అతని అభిప్రాయంలో దాని వాటా ఎంతో నాకు అనుమానమే. బస్సులో వింటే ఇంజను చప్పుడు ఊపిరినంతా మింగేస్తుంది. ఇంట్లో అందరూ పడుకున్నాక, ఫ్యాన్ కూడా తగ్గించి, వైరున్న ఇయర్‌ఫోన్స్‌తో వింటే అప్పుడు తెలుస్తుంది. ఖరీదైనవి అక్కర్లేదు, నావి మామూలువే.

వరస కూడా మార్చుకుని వినొచ్చు. మొదటిసారి వినేవాళ్లకి నేను ‘హూ ఈజ్ ఇట్’తో మొదలెట్టి, ‘ఓషియానియా’, ‘వోకురో’, ఆ తర్వాత ‘ట్రయంఫ్ ఆఫ్ ఎ హార్ట్’ వినిపిస్తాను. ఈ నాలుగూ పట్టుకుంటే మిగతావి వాటంతటవే వస్తాయి, లేదా రావు. రాకపోతే బలవంతంగా వినాల్సిన పని లేదు. మధ్యలో ఒకటి రెండు నిమిషాల ముక్కలున్నాయి, అవి నాకు ఊపిరి తీసుకునే చోట్లలా పనికొచ్చాయి గానీ చాలామందికి అడ్డంగా అనిపిస్తాయి.

దీన్ని వినమంటావా అని అడిగితే, నా మాటని నా పరిస్థితితో కలిపి చూసుకోండి. నేను క్వాయర్‌లో ఒక్కో గొంతుకీ వేరుగా ఉండే వరసలు, అంటే పార్టులు పాడే మనిషిని, ఎవరి గొంతు ఎక్కడ ఆగుతుందో వినడం నాకు అలవాటు. ఆ అలవాటు ఉన్నవాళ్లకి, భజన బృందాల్లో పాడేవాళ్లకి, నోటితో తాళాక్షరాలు పలికే కొన్నకోల్ నేర్చుకుంటున్నవాళ్లకి దీన్ని తప్పకుండా వినమంటాను. ఇంటి పని చేసుకుంటూ వెనక పాటలు ఉండాలనుకునేవాళ్లకి ఆమె పాత ఆల్బమ్‌లు ‘డెబ్యూ’నో ‘పోస్ట్’నో మంచిది. పసిపిల్లలున్న ఇంట్లో స్పీకర్ మీద పెట్టకండి, మా అక్క కూతురు ‘యాన్సెస్టర్స్’కి ఉలిక్కిపడి ఏడ్చింది. మా క్యారల్స్ కుర్రాడికి మాత్రం పోయిన సంవత్సరం పాటలన్నీ పంపించాను. వాడికి అన్నిటికంటే నచ్చింది ‘వేర్ ఈజ్ ద లైన్’. నాకు చల్లగా అనిపిస్తుందన్నానే, అదే.