ఎందుకు నవ్వారో వినపడలేదు: హైబ్రిడ్ బడితో పది నెలలు

మా పాప నాలుగో తరగతి. కరోనా తర్వాత బడి మళ్లీ తెరిచినప్పటి నుంచి, అంటే పది నెలలుగా, హైబ్రిడ్ పద్ధతిలో, అంటే ఒక వారం బడికి వెళ్లి, ఒక వారం అదే క్లాసును ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో వింటూ చదువుతోంది. ఏ యాప్ వాడతారు, బ్యాచ్‌లు ఎలా విడగొట్టారు, గేటు దగ్గర టెంపరేచర్ ఎవరు చూస్తారు లాంటివి నేను రాయను. పిల్లలున్న ప్రతి ఇంట్లో ఈపాటికి అవి కంఠతా వచ్చేసి ఉంటాయి. నేను చెప్పదలుచుకున్నది ఒక్క మైకు గురించి. టీచర్ బల్ల మీద ఉండే లాప్‌టాప్‌లోని మైకు. ఈ పది నెలల్లో నేను పడ్డ కోపం, సంతోషం, టెన్షన్ చాలావరకు దాని చుట్టూనే తిరిగాయి.

మొదట్లో దీన్ని నేను బాగా మెచ్చుకున్నాను. 2020లో ఒక దశలో ప్రపంచం మొత్తం మీద దాదాపు 160 కోట్ల మంది విద్యార్థులు బడికి దూరమయ్యారని యునెస్కో లెక్క చెప్పింది. వాళ్లలో మా పాప ఒకతి. అన్ని నెలలు బొత్తిగా బడి ముఖం చూడని పిల్లకి వారం విడిచి వారమైనా బడి దొరికిందంటే నాకు పట్టరాని సంతోషం. మొదటి నెల చివర్లో బడివాళ్లు అభిప్రాయం అడుగుతూ ఫారం పంపితే అన్నిటికీ ఐదుకి ఐదు వేశాను. "ఇంట్లో కూర్చున్నా క్లాసులో ఉన్నట్టే ఉంది" అని కింద రాశాను కూడా. తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగితే ధైర్యంగా ఒప్పుకోమన్నాను. ఆ మాట అన్నప్పుడు నేను చూసింది తెరను మాత్రమే. బోర్డు స్పష్టంగా కనిపిస్తోంది, పాప నోట్సు రాసుకుంటోంది, ఇంకేం కావాలి అనుకున్నాను. తన చెవులకు హెడ్‌ఫోన్స్ ఉండేవి. తను ఏం వింటోందో, ఏం వినడం లేదో నాకు తెలిసే దారి లేదు.

రెండో నెలలో ఒకరోజు ఆ హెడ్‌ఫోన్స్ వైరు తెగింది. ఆ పూటకి స్పీకర్ పెట్టుకుని వింటోంది. నేను పక్క బల్ల దగ్గర ఆఫీసు పని చేసుకుంటున్నాను. సైన్స్ క్లాసు. టీచర్ ఏదో ప్రశ్న అడిగారు. ఆ తర్వాత ఏమీ లేదు. నెట్ పోయిందేమో అని తల ఎత్తి చూశాను. పోలేదు, టీచర్ ఎవరి మాటో వింటూ తల ఊపుతున్నారు. ఐదారు సెకన్ల తర్వాత ఒక్కసారిగా క్లాసంతా గొల్లున నవ్వింది. "భలే చెప్పావురా!" అని టీచర్ కూడా నవ్వి, ఇంకో ప్రశ్నకి వెళ్లిపోయారు. మా పాప కూడా నవ్వింది.

"ఏమన్నాడే?" అని అడిగాను.

"తెలీదమ్మా. వినపడలేదు."

"మరి నువ్వెందుకు నవ్వావు?"

"అందరూ నవ్వినప్పుడు నవ్వకపోతే, ఏమైంది, డల్‌గా ఉన్నావేంటి అని మిస్ అడుగుతారు."

ఫిర్యాదు చేస్తున్నట్టు కాకుండా చాలా మామూలుగా చెప్పింది. ఆన్‌లైన్ అంటే టీచర్ మాట మాత్రమే వినపడేది అనుకుందట. రెండు నెలలుగా తను క్లాసులో సగమే వింది. ప్రశ్న విని, జవాబు వదిలేసి, మళ్లీ ప్రశ్న వింది. నేను ఐదుకి ఐదు వేసింది దానికి.

ఇలా ఎందుకు జరుగుతోందో తెలుసుకునేదాకా నాకు నిద్ర పట్టలేదు. వీడియో కాల్ సాఫ్ట్‌వేర్లు ఒక్క మనిషి దగ్గరగా కూర్చుని మాట్లాడటాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. దగ్గరి గొంతును పైకి తెస్తాయి. దూరంగా, సన్నగా వచ్చేదాన్ని ఫ్యాను చప్పుడులాగా లెక్కేసి నొక్కేస్తాయి. నాయిస్ సప్రెషన్ అంటారు దాన్ని. ఇంటి నుంచి ఆఫీసు పని చేసే నాకు అది వరం. క్లాసురూములో మాత్రం వెనక బెంచీ పిల్లాడి జవాబు కూడా దానికి చప్పుడే. పైగా అడ్డు లేని చోట దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని 6 డెసిబెల్స్ (ధ్వని తీవ్రతకు కొలత) చొప్పున తగ్గుతుంది. బెంచీలు చూస్తే దూరం దూరంగా జరిపి ఉన్నాయి. పిల్లలందరికీ మాస్కులు. మామూలు సర్జికల్ మాస్కు గొంతులోని హై ఫ్రీక్వెన్సీ ధ్వనులను 3–4 డెసిబెల్స్, ఎన్95 అయితే 12 దాకా తగ్గిస్తుందని 2020లో కొలిచి చెప్పారు. స, శ, ఫ లాంటి అక్షరాలు తేడాగా వినపడేది ఆ ధ్వనుల్లోనే. గాలి ఆడాలని తెరిచిన కిటికీల్లోంచి బయటి చప్పుడంతా లోపలికి. వైరస్ నుంచి కాపాడటానికి చేసిన ప్రతి మంచి పనీ ఇంట్లో ఉన్న పిల్లకి ఒక్కో మాటను దూరం చేసింది.

పెద్దవాళ్లకైతే ఒక మాట జారిపోయినా సందర్భాన్ని బట్టి పూరించుకుంటాం. పిల్లలకి ఆ శక్తి ఇంకా పూర్తిగా రాదు. అందుకే క్లాసులో టీచర్ గొంతు చుట్టూ ఉన్న చప్పుడు కన్నా కనీసం 15 డెసిబెల్స్ పైన ఉండాలని అమెరికన్ స్పీచ్ లాంగ్వేజ్ హియరింగ్ అసోసియేషన్ చెబుతుంది. అది గదిలో కూర్చున్న పిల్లల సంగతి. తెర అవతలి పిల్ల మాటేమిటి?

ఇదంతా ఒక మెయిల్‌లో రాసి బడికి పంపాను. చూస్తామన్నారు. మూడు నెలలు గడిచాయి.

ఐదో నెలలో జరిగింది మాత్రం నేను మర్చిపోలేను. లెక్కల క్లాసు, భిన్నాలు. 3/4, 6/8 ఒకటేనని టీచర్ బోర్డు మీద రాశారు. పాపకి డౌట్ వచ్చింది, 10:20కి చెయ్యి గుర్తు నొక్కింది. అప్పుడే టీచర్ గదిలో ఉన్న పిల్లలను కొలతల యాక్టివిటీ కోసం గ్రౌండ్‌లోకి తీసుకెళ్లారు. ఇంటి నుంచి వినేవాళ్లకి ఒక వర్క్‌షీట్ చెప్పారట. తలుపు దగ్గర నిలబడి చెప్పడంతో ఆ మాట మైకుకి అందలేదు.

నేను మీటింగు ముగించుకుని 11 గంటలకు గదిలోకి వెళ్లేసరికి పాప నిటారుగా కూర్చుని ఉంది. తెర మీద ఖాళీ క్లాసురూము. బోర్డు మీద 3/4 = 6/8. మూలన తన పేరు ఉన్న చిన్న డబ్బాలో పసుప్పచ్చ చెయ్యి, ఎత్తింది ఎత్తినట్టే ఉంది. 18 మందికి ఏడుగురే మిగిలారు, వాళ్లలో ముగ్గురి చేతులు పైకే ఉన్నాయి.

"లేచి రా, కాసేపు అటూ ఇటూ తిరుగు" అన్నాను.

"చెయ్యి దించితే నా వరస పోతుందమ్మా. నేనే ఫస్టు ఎత్తాను."

నలభై నిమిషాలు. తొమ్మిదేళ్ల పిల్ల వరస పోతుందన్న భయంతో ఖాళీ గదికి చెయ్యెత్తి నలభై నిమిషాలు కూర్చుంది. మేము చూస్తూ ఉండగానే ఎవరో ఆయా గది తుడవడానికి వచ్చారు. బోర్డు తుడిచారు. తర్వాత లాప్‌టాప్ మూత దించారు. కాల్ కట్ అయింది. పాప ఏడవలేదు. నోట్సు చివరి పేజీలో పెన్సిల్‌తో "డౌట్: 3/4, 6/8 ఎలా ఒకటి? 6 పెద్దది కదా" అని రాసుకుని పుస్తకం మూసింది. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

గట్టిగా అడగాలనే నిర్ణయించుకున్నాను. సాయంత్రం టీచరే ఫోన్ చేశారు. "సారీ అండీ, వర్క్‌షీట్ సంగతి విన్నారనే అనుకున్నాను. ముందు 18 మంది, తెరలో 18 మంది. ఇటు చూస్తే అటు పోతుంది, అటు చూస్తే ఇటు పోతుంది. రెండు చోట్లా నేనే ఉండాలంటే ఎలాగండీ" అన్నారు. ఆ గొంతులో అలసట విన్నాక ఆవిడ మీద కోపం నిలవలేదు. ఒకే సమయంలో గదిలోవాళ్లకీ తెరలోవాళ్లకీ చెప్పే ఈ పద్ధతిని 2006 ప్రాంతంలో శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలో బ్రయన్ బీటీ హైఫ్లెక్స్ పేరుతో మొదలుపెట్టారు. అది పీజీ విద్యార్థుల కోసం. గది కావాలో తెర కావాలో వాళ్లే ఎంచుకుంటారు. మైకు పనిచేయకపోతే "వినపడటం లేదండీ" అని అడగగలిగిన పెద్దవాళ్లు. దాన్ని తొమ్మిదేళ్ల పిల్లలకి తెచ్చేటప్పుడు టీచర్‌కి తోడు ఒక మనిషిని ఇవ్వాలి కదా. నా కోపం అక్కడ.

ఆ సంఘటన తర్వాత మాత్రం పనులు కదిలాయి. తల్లిదండ్రుల మీటింగులో ఆ 18 మంది తరఫునా మాట్లాడాం. సెట్టింగ్స్‌లో నాయిస్ సప్రెషన్ తీసేశారు. గది మధ్య బెంచీ మీద అన్ని వైపుల నుంచీ వినే గుండ్రటి మైకు పెట్టారు. పిల్లలు ఏం చెప్పినా జవాబిచ్చే ముందు టీచర్ ఒకసారి పైకి చెప్పడం మొదలుపెట్టారు. ఈ చివరిదానికి ఏ పరికరమూ అక్కర్లేదు, అయినా అన్నిటికన్నా బాగా పనిచేసింది. మాస్కుల వల్ల గదిలో వెనక బెంచీ వాళ్లకి కూడా ముందు బెంచీ మాటలు అందేవి కాదట. అది అప్పుడే బయటపడింది.

నేను అసలు ఊహించనిది తెర లీడరు. రోజుకో పిల్లో పిల్లాడో లాప్‌టాప్ పక్కన కూర్చుని, ఇంటి నుంచి ఎవరైనా చెయ్యెత్తితే "మిస్, ఇంటి నుంచి చెయ్యి!" అని అరవాలి. పాప బడికి వెళ్లే వారంలో తన వంతు వచ్చింది. ఆ రోజు టీచర్ నాకు మెసేజ్ పెట్టారు. ఎవరు మాట్లాడితే వాళ్ల దగ్గరికి లాప్‌టాప్‌ని రెండు చేతులతో మోసుకెళ్లి నిలబడిందట. ఎవరైనా గొణిగితే "గట్టిగా చెప్పు, ఇంట్లోవాళ్లకి వినపడదు" అందట. ఎవరూ నేర్పలేదు. మర్నాటి నుంచి మిగతా పిల్లలూ అలాగే మోయడం మొదలుపెట్టారు. ఆ మెసేజ్ ఎన్నిసార్లు చదువుకున్నానో.

అలాగని అంతా బాగైపోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. నాయిస్ సప్రెషన్ తీసేస్తే బెంచీలు జరిపే చప్పుడు, దగ్గులు, కిటికీ బయటి గోల అన్నీ చెవిలోకే వస్తాయి. రెండు పీరియడ్లు అయ్యేసరికి పాప తలనొప్పి అనేది. లెక్కల టీచర్ మళ్లీ ఆన్ చేశారు, తెలుగు టీచర్ ఆఫ్‌లోనే ఉంచారు. నాకైతే తెలుగు టీచర్ పద్ధతే నచ్చింది, వినేది మాత్రం నేను కాదు. ఇక దూరం లెక్క మారింది. అమెరికాలో వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ 2021 మార్చిలో క్లాసురూముల్లో పిల్లల మధ్య దూరాన్ని 6 అడుగుల నుంచి 3 అడుగులకు తగ్గించింది. మా బడి కూడా ఎనిమిదో నెలలో బెంచీలు దగ్గరికి జరిపి రెండు బ్యాచ్‌లను కలిపేసింది. ఇంట్లో జబ్బుతో ఉన్నవాళ్లున్న ఐదుగురు పిల్లలు మాత్రం తెరలో మిగిలారు. మా అత్తగారికి డయాలసిస్ నడుస్తోంది కాబట్టి మేమూ వాళ్లలో ఉన్నాం. 18 మంది ఉన్నప్పుడు అడిగితే పలికినంత త్వరగా ఐదుగురు అడిగితే పలకడం లేదు. తెర లీడరు కొన్ని రోజులు ఉంటాడు, కొన్ని రోజులు ఉండడు.

ఇప్పుడు ఆ ఫారం మళ్లీ ఇస్తే టీచర్లకి ఐదు, ధ్వనికి రెండు, మొత్తానికి మూడు వేస్తాను. అయినా బడిని బట్టీ ఇంటిని బట్టీ ఇది మారిపోతుంది. మాకు ఒక్కటే పిల్ల, తనకంటూ ఒక లాప్‌టాప్ ఉంది, నేను పక్క గదిలోనే పని చేస్తాను. ఒకే ఫోనుతో ఇద్దరు పిల్లలను చదివించే ఇంటికి నా మూడు మార్కులు పనికిరావు. మా చెల్లెలి కొడుకు ఒకటో తరగతి. వాడు పది నిమిషాలకి మించి తెర ముందు కూర్చోలేకపోయాడు, తను మాన్పించేసింది. తప్పేమీ లేదు. మాకు మాత్రం అత్తగారి ఆరోగ్యం కుదుటపడేదాకా ఇదే దారి, మళ్లీ మొదటి నుంచి ఎంచుకోమన్నా ఇదే ఎంచుకుంటాను. కాకపోతే హైబ్రిడ్‌కి ఒప్పుకుంటూ సంతకం పెట్టే ముందు ఇంటి నుంచి కాల్‌లోకి వెళ్లి, వెనక బెంచీలో ఒక పిల్లాడితో మాస్కు తీయకుండా తన పేరు చెప్పించమంటాను. మీరూ అది ఒక్కటి అడగండి.

హెడ్‌ఫోన్స్ మళ్లీ కొనలేదు. స్పీకర్‌లోనే వింటోంది. క్లాసు నవ్వినప్పుడల్లా నా చేతిలో పని ఆగిపోతుంది. పాప నవ్వు వాళ్లతో పాటే వస్తే విన్నట్టు. ఆగి, తెర వైపు చూసి, తర్వాత వస్తే విననట్టు. ఈ వారం నాలుగు రోజులు వాళ్లతో పాటే నవ్వింది. గురువారం ఆలస్యంగా నవ్వింది. టీచర్‌కి మెసేజ్ పెట్టాను.