పబ్లిషరా, సొంతంగానా?

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర అద్దె గదిలో మా తమ్ముడు రెండేళ్లుగా ఒక గేమ్ చేస్తున్నాడు. బొబ్బిలి వీణ తీగలు సవరించే పజిల్. దాన్ని పబ్లిషర్‌కి ఇవ్వాలా, స్టీమ్‌లో (కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) తనే పెట్టుకోవాలా అని ఇప్పుడు టెన్షన్.

సొంతంగా అయితే లెక్క తేలికే. గేమ్‌కి 100 డాలర్ల ఫీజు. రాబడి 1,000 డాలర్లు దాటితే అదీ తిరిగొస్తుంది. స్టీమ్ వాటా 30 శాతం. కాకపోతే గేమ్ ఉందని నలుగురికీ చెప్పుకునే పనంతా వాడిదే. వాడేమో ఫోన్ మోగితేనే కంగారుపడే రకం.

పబ్లిషరైతే అడ్వాన్స్ ఇస్తాడు, టెస్టింగ్, అనువాదాలు, ప్రచారం చూసుకుంటాడు. ఆ ఖర్చు రాబట్టుకున్నాకే సాధారణంగా మన వాటా. నా భయం అది కాదు. అన్నపూర్ణ ఇంటరాక్టివ్‌నే చూడండి (పేరు మనదే, కంపెనీ అమెరికాది). 2016లో మొదలైంది. 2022లో పిల్లిని నడిపించే 'స్ట్రే'తో పేరు మోగిపోయింది. 2024 సెప్టెంబరులో, విడి సంస్థగా వెళ్లే చర్చలు బెడిసికొట్టాక, సిబ్బంది పాతికమందీ ఒకేసారి రాజీనామా చేశారు. కంపెనీ ఉంది, గేమ్‌ని నమ్మి తీసుకున్న మనుషులే లేరు.

అయినా నేను పబ్లిషర్ వైపే మొగ్గాను. "ఒరేయ్, వాళ్లు మూసేస్తే హక్కులు నీకే తిరిగి రావాలని కాగితం మీద రాయించుకో" అన్నాను. తలూపి, మళ్లీ వీణ మూడో తీగ శబ్దం సరిచేయడానికి కూర్చున్నాడు.